జేజి చెక్కిన బొమ్మ

"జేజీ, లెయ్యండి! సైరను మోగతాంది, ఇనపల్యా?"

వినపడినా జేజి కదల్లేదు. సబ్బుబిళ్ల మీద మేకుతో బొమ్మ చెక్కుకుంటోంది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయిందో లేదో, ధహ్రాన్ ఊరి మీదికి మళ్లీ స్కడ్ క్షిపణి వస్తోందని కూత. బీబీజాన్ జేజి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గ్యాస్ మాస్కు తొడగబోతే జేజి మొహానికి ఆనక జారిపోయింది. నిజంగా విషగాలే వస్తే ఈ గుప్పెడు మనిషి గతేం కాను?

పనిలో చేరిన రోజే జోనా సారు చెప్పాడు. మంచుదేశం నుంచి ఆయిల్ కంపెనీకి వచ్చిన ఇన్యూట్ తెగ మనిషాయన.

"ఈమె మా అమ్మ. ఎప్పుడూ గద్దించకు."

అవ్వను పిలిచినట్టు జేజీ అనాలంటే మొదట్లో బీబీజాన్‌కు నవ్వొచ్చింది. ఇప్పుడు అన్నం తినిపించినా, తడిసిన దుప్పట్లు మార్చినా ఆ పిలుపే.

"మా ఊళ్లో ఆడవాళ్లు బొమ్మ గీసిస్తే మగవాళ్లే రాతి మీద చెక్కి కాగితాల మీద అచ్చేసేవాళ్లు. మొట్టమొదట తనే ఉలి పట్టి, తనే అచ్చేసింది మా అమ్మే" అని సారు మురిసిపోయేవాడు.

"మా పాపకు మాయమ్మ పేరే పెట్టినా సార్. తిట్టాలంటే నోరు రాదు" అందోసారి బీబీజాన్.

"మావాళ్లూ అంతే. పేరు పెడితే పోయినవాళ్లు తిరిగొచ్చినట్టే."

సైరను కూత విని, కిటికీలకు టేపు అంటిస్తున్న సారు పరుగున వచ్చాడు.

"పదమ్మా! నిన్ను మళ్లీ పోగొట్టుకోలేను."

ఆగమన్నట్టు జేజి చెయ్యెత్తింది. సబ్బుకు బూటు పాలిష్ పూసి, కాగితం పరిచి, చెంచా వెనకతో రుద్ది పైకెత్తింది. కోటు టోపీలో బిడ్డను వీపున మోస్తున్న తల్లి. ఆ బిడ్డది ముసలి మొహం. వెంటనే మేకు తీసుకుని సబ్బు మీది బొమ్మను అడ్డంగా గీకేసింది.

సారు ఆ సబ్బును చేతిలోకి తీసుకున్నాడు. "మళ్లీ అచ్చు తీయకుండా అమ్మ రాయిని ఇలాగే గీకేసేది. ఈ బొమ్మ... ఒక్క కాగితం కూడా మిగల్లేదు. నేనూ అమ్మా తప్ప ఎవరూ చూడలేదు."

బీబీజాన్ ఆ కాగితం మీదికి వంగింది. "ఎవురు నేర్పినారు జేజీ?"

"చేతికి తెలుసు" అని పళ్లూడిన నోటితో నవ్వింది జేజి.

ఎక్కడో ఢామ్మంది. బీబీజాన్ జేజిని అమాంతం ఎత్తుకుని బాత్‌రూములోకి ఉరికింది. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఆమె మొహానికి తన కొంగు కప్పి గట్టిగా హత్తుకుంది. వణుకుతున్న బీబీజాన్ తలను, ఆపద తప్పిందని సైరను మోగేదాకా, జేజే నిమురుతూ కూర్చుంది.

నాయనమ్మ పేరు పెట్టుకున్న జేజికి వచ్చే నెలకు ఆరేళ్లు నిండుతాయి.