సాపో అనే అమ్మాయి

“ఉంబ్రా అంటే నీడ. ఉండా అంటే అల. లాక్రిమా అంటే కన్నీరు,” అని భార్య అప్పజెబుతుంటే మందుల షాపు ఆయన తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

“ఇవన్నీ ఇప్పుడెందుకు నీకు?”

“బాగుందండీ! లైబ్రరీ మేడ మీద ఒక మాస్టారు లాటిన్ పద్యాలు చెప్తున్నారు. ముందు మాటలు పట్టుబడితే పద్యం దానంతటదే పట్టుబడుతుందట. పెళ్ళికి ముందు మీరు నాకో పద్యం చెప్పారు చూశారూ, దాని అర్థం తెలీకుండానే ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఇప్పుడైనా తెలుసుకోవద్దూ, కవిగారూ?”

ఆవిడ ఆయన్ని కవిగారూ అనే పిలుస్తుంది. మాత్రలు, టానిక్కులు అమ్ముకునే మనిషికి ఇంట్లో దక్కిన గౌరవం అదొక్కటే. అది కాస్తా ఊడిపోయేలా ఉంది.

ఎందుకంటే అది పద్యమే కాదు.

అప్పట్లో ఆవిడ తలనొప్పి మాత్రల కోసం షాపుకొచ్చి వానకు చిక్కుకుంది. వాన తగ్గేలోపు ఏదో ఒకటి మాట్లాడాలి. పై అరలో తండ్రి నాటి పింగాణీ జాడీలున్నాయి. వాటి మీద లాటిన్‌లో రాసి ఉన్నదాన్ని వరసగా చదివేశాడు.

“ఆక్వా రోసే, ఓలియం రిసిని, సాపో మోలిస్...”

“అబ్బ, ఎంత బాగుందో! ఏమిటండీ అది?”

“పద్యం. పాతకాలపు కవిది. ప్రేమ గురించి.”

పన్నీరు, ఆముదం, మెత్తసబ్బు. అంతే దాని అర్థం. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. ఈయన ఒక్క అబద్ధంతోనే తన పెళ్ళి తానే చేసుకున్నాడు.

భార్య లాటిన్ మాటలు అప్పజెప్పిన రోజే షాపుకెళ్ళి స్టూలెక్కి జాడీలన్నీ దింపాడు. తళతళలాడే పింగాణీ చేతుల్లో జారిపోతుంటే చెమటలు పట్టాయి. ఎలాగోలా వెనక గదిలోకి చేర్చి తలుపేశాడు.

“జాడీలేవండీ?” అంది భార్య.

“పాతవి కదా, దుమ్ము కొట్టుకుపోయాయి. లోపల పడేశాను.”

“అలాగా!” అని ఊరుకుంది.

తర్వాత ఆవిడ చదివే పుస్తకమే తనూ ఒకటి కొన్నాడు. పాత కవుల్ని చదవడానికి కావలసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ కంటే ఒక పేజీ ముందుంటే చాలు, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. కానీ దాన్ని కౌంటరు కింద దాచే వీల్లేదు. మధ్యాహ్నం ఆయన ఇంటికెళ్ళి తిని కునుకు తీసే వేళకు షాపులో కూర్చునేది ఆవిడే. అందుకని చొక్కా లోపల దోపుకుని తిరిగాడు.

మాత్రలు లెక్కపెడుతూ “ఇగ్నిస్ నిప్పు, వెంటుస్ గాలి” అని గొణిగేవాడు. లెక్క తప్పేది. దగ్గు మందడిగినవాడి చేతిలో మోకాలి పట్టీ పెట్టాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తోచేది కాదు.

భయపడ్డంతా అయింది.

“ఆక్వా అంటే నీళ్ళు, రోసా అంటే గులాబీ. బాగానే ఉంది. ఓలియం అంటే నూనెట! ప్రేమ పద్యంలో నూనె ఎందుకొచ్చిందండీ?”

ఆయన ఆముదం తాగిన మొహం పెట్టాడు. “దీపంలోకి. ప్రియురాలి కోసం దీపం పెట్టుకుని కూర్చుంటాడు కదా.”

“పాపం! మరి రిసిని? పుస్తకంలో లేదు.”

“వాళ్ళ ఊరు.”

“మోలిస్ అంటే మెత్తనిది అని ఉంది. సాపో లేదు.”

“అది... ఆ అమ్మాయి పేరు.”

“మెత్తని సాపో!” అని ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కవి కష్టానికి మనసు కరిగి ఏడుస్తోందనుకున్నాడు ఆయన. జాలేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

పిడుగులాంటి వార్త ఆ తర్వాత వచ్చింది. శనివారం క్లాసుకి ఆయన కూడా రావాలట. తన భర్తకో పద్యం నోటికొచ్చని ఆవిడ మాస్టారితో చెప్పేసిందట.

శనివారం క్లాసులో ముందు ఆవిడ లేచి ఒక పద్యం చెప్పింది. పుస్తకం మూసే ఉంది. చూపంతా ఆయన మీదే. నిప్పు, నీడ, అల, కన్నీరు, ఆయన బట్టీ పట్టిన మాటలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచొచ్చాయి. ఆయనకు అర్థమైంది. ఒళ్ళు జలదరించింది. ప్రేమ పద్యమంటే ఇదన్నమాట అనుకున్నాడు. ఇలాంటి మనిషికా తను ఆముదం అంటగట్టింది!

“ఇక మీరు కానివ్వండి,” అన్నారు మాస్టారు.

ఆయన లేచాడు. భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

“అది నాకొక్కదానికే చెప్పిన పద్యం మాస్టారూ. నలుగురిలో చెప్పేది కాదు.”

క్లాసంతా నవ్వింది. ఆయనకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దారిలో షాపు ముందు ఆగిపోయాడు. ఇక దాచడం ఆయన వల్ల కాలేదు.

“నీకో సంగతి చెప్పాలి. ఆ పద్యం ఉందే...”

ఆవిడ ఆయన జేబులోంచి తాళాలు తీసుకుని తలుపు తెరిచి, లైటు వేసి, ఖాళీగా ఉన్న పై అర కేసి చూసింది.

“ఊరంటే ఊరుకున్నాను, అమ్మాయంటే అమ్మాయే అనుకున్నాను గానీ, దుమ్ము కొట్టుకుపోయాయన్నారే, అదొక్కటే నాకు కోపమొచ్చింది కవిగారూ, పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆ జాడీలు రోజూ తుడుస్తున్నది నేనే కదా!”