గోడ మీది నూనె మరక

దగ్గరికొచ్చి కూర్చోండి, చెబుతాను.

మొగుడి ఆపరేషన్ కోసం కర్నూలొచ్చిన కన్యకమ్మ, ఊరూరా బ్రాంచీలున్న లాడ్జిలో, పొయ్యితో సహా నెలకిచ్చే గదిలో మొదటిసారి దిగింది. ఆసుపత్రి ఎదురుగానే.

“థూ! మంచం పక్క గోడకు ఇంత తలనూనె జిడ్డా! యా మహాతల్లిదో! బట్ట తేమ్మే!”

“సున్నం కొట్టినా నెలకు మళ్లీ వస్తాదమ్మా,” అంది గదులు ఊడ్చే ముంతాజ్.

“మీరు తుడిస్తే గదా!” కన్యకమ్మే సోడాతో రుద్దింది. మరక పోలేదు.

సాయంత్రం ఆపరేషనైన మొగుణ్ణి చూడనివ్వక ఆసుపత్రివాళ్లు గదికి పంపేశారు. “మా ఆయప్పుండే వార్డన్నా కనపడదా మే?”

“మంచం మీద, ఈ మూలకు కూర్చోమ్మా. ఈడ్నించే కనపడేది. అందరూ ఈడే కూర్చుంటారు.”

కిటికీలోంచి వార్డు దీపం కనిపించింది. దాన్నే చూస్తూ కన్యకమ్మ నూనె తల వెనక్కి వాల్చింది. సరిగ్గా మరక మీదే ఆనింది.

“మళ్లీ బట్ట తెద్దునా అమ్మా?”

“వద్దులే మే. ఉండనీ.”

మరిచిపోకుండా మీ పిల్లలకూ చెప్పండి.