టోపీవాడు

"పొడుగు టోపీ పెట్టుకున్న మనిషి కనిపిస్తున్నాడే! పక్కన కుందేలు కూడానూ," అంది ఉమ్ షఫీక్, నజ్వా తాగి బోర్లించిన కాఫీ కప్పును వెలుతురుకేసి తిప్పుతూ. కప్పు చదవడంలో, అంటే అడుగున మిగిలిన కాఫీ మడ్డి ఆకారాలు చూసి జోస్యం చెప్పడంలో, బీరూట్‌లో ఆమెకి తిరుగులేదు.

నజ్వా కప్పు మీదికి వంగింది. "వాడే పిన్నీ! మా ఆయన ఫోనులో ఆడే జూదంలో గారడీవాడు. మూడు టోపీలు వరసగా పడితే డబ్బులొస్తాయట. నా బంగారు గాజులన్నీ ఆ టోపీలోకే పోయాయి. నేను నోరైనా విప్పలేదు, మీకెలా తెలిసింది?"

"మడ్డి నాతో మాట్లాడుతుందే పిచ్చిదానా. వాణ్ణి మీ ఇంట్లోంచి వెళ్ళగొట్టే పూచీ నాది."

అంతలో ఉమ్ షఫీక్ ఆనుకున్న దిండు కింద గంటలు గలగలమన్నాయి. వెనకే బూర ఊదినట్టు చిన్న పాట. నజ్వా రోజూ మొగుడి ఫోనులోంచి వినే పాటే అది.

"మాత్రలు వేసుకోమని అలారం," అంది ఉమ్ షఫీక్, దిండు మీద ఇంకాస్త బరువు మోపి.

నజ్వా వెంటనే ఉమ్ షఫీక్ తాగేసిన కప్పు తీసి సాసరు మీద బోర్లించింది.

"ఇదేంటే?"

"ఎవరి కప్పు వాళ్ళు చదువుకోకూడదుగా పిన్నీ. మీది నేను చూస్తాను. ఆ టోపీవాడు ముందు ఎవరింట్లోంచి వెళ్తాడో అడుగుదాం."