అయస్కాంతం పెద్దాయన

అయస్కాంతం బండి డోరు మీద నిలవలేదు. జారి కింద పడింది.

పెద్దాయన వంగి దాన్ని తీసుకుని జానెడు పైన పెట్టాడు. అక్కడ టక్కున అతుక్కుంది. మళ్లీ కింది అంచు దగ్గర పెట్టాడు. మళ్లీ పడింది.

“ఇక్కడ ఇనుము లేదు బాబూ. పుట్టీ ఉంది,” అన్నాడు.

మొక్కల వ్యాపారి నేలచూపులు చూశాడు.

నర్సరీ నడిపే అతనికి ఆ పికప్పు బండే కాళ్లూ చేతులూ. తడి కుండీలు మోసి మోసి దాని ఒళ్లంతా తుప్పు పట్టింది. కొత్తది కొనాలని, ఇంటి ముందే పెట్టి దీనికి ‘అమ్మబడును’ అని అట్ట కట్టాడు. కట్టేముందు చిల్లుల్లో కాగితాలు కుక్కి, పైన పుట్టీ మెత్తి, రంగు కొట్టాడు. ఆ అట్ట చూసి లోపలికొచ్చిన మొదటి మనిషి ఈయనే.

“పాత బండి కదండీ, ఎక్కడో కాస్త ఉంటుంది,” అని నసిగాడు.

“డ్రైవరు కాళ్ల కింద చూడొచ్చా?”

కాదంటే బాగుండదు. మ్యాటు ఎత్తాడు. పెద్దాయన స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కాడు. తడిసిన అట్టలో దిగినట్టు దిగిపోయింది.

ఆయన చాలాసేపు ఆ చిల్లునే చూస్తూ ఉండిపోయాడు.

“ఇదంతా కోసేసి కొత్త రేకు వేయండి. మళ్లీ వచ్చి చూస్తాను.”

“వేస్తే తీసుకుంటారా?”

“ముందు వేయండి బాబూ,” అన్నాడంతే.

బేరం తగిలిందన్న ఆశతో మొక్కల వ్యాపారి మర్నాడే పనిలోకి దిగాడు. బావమరిది దగ్గర గ్రైండరు, వెల్డింగ్ మెషీను తెచ్చుకున్నాడు. పుట్టీ చెక్కేసరికి లోపల కుక్కిన కాగితాలు ముద్దలుగా రాలాయి. తుప్పు గీకేకొద్దీ చిల్లు పెద్దదవుతోందే తప్ప మంచి ఇనుము తగలడం లేదు.

“బండి బాగుచేస్తున్నారా, విప్పి పారేస్తున్నారా?” అంది భార్య, ఎర్రటి పొడిలో మునిగిన మొగుణ్ని చూసి.

“వెక్కిరించకే. ముందు ఆ రేకు పట్టుకో.”

పెద్దాయన మళ్లీ మళ్లీ వచ్చేవాడు. బోర్లించిన కుండీ మీద కూర్చుని చూసేవాడు.

“ఏవండీ, మీ అయస్కాంతం వచ్చింది!” అని భార్య లోపల్నించి కేకేసి టీ పెట్టేది.

ఆయన టీ తాగి, కాసేపు రేకు పట్టుకుని సాయం చేసి, పోతూ పోతూ ఇంకోచోట వేలు పెట్టేవాడు.

“ఇక్కడ కూడా డొల్లగానే ఉంది.”

“అది బయటికి కనబడదండీ.”

“కనబడదనే చెబుతున్నా.”

మొక్కల వ్యాపారి పళ్లు నూరుకుంటూ అదీ కోసేవాడు. చేతులు బొబ్బలెక్కాయి. నీళ్లు పోసే తీరిక లేక నర్సరీలో ఒక వరస గులాబీలు ఎండిపోయాయి కూడా.

చివరికి తుప్పు ఆపే ఎర్ర రంగు, దాని మీద తెల్ల రంగు పడ్డాయి. పెద్దాయన బండి కిందికి దూరి మరీ చూశాడు. అయస్కాంతం పెట్టిన చోటల్లా నిలిచింది. డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్ల కింది రేకు మీద బరువంతా మోపి తొక్కాడు.

“గట్టిగా ఉంది,” అన్నాడు. ఆయన ముఖం తేటపడటం వాళ్లు చూడటం అదే మొదలు.

“అయితే ఎప్పుడు పట్టుకెళ్తారు?”

“నాకు బండితో పనిలేదు బాబూ. తీసుకునేవాళ్లు వస్తారు.”

మొక్కల వ్యాపారికి ఒళ్లు మండిపోయింది.

“వేళాకోళంగా ఉందా? ఇన్నాళ్లూ నా చేత గొడ్డుచాకిరీ చేయించి, ఇప్పుడు పనిలేదంటారా? పొద్దుపోక వచ్చారా మా ఇంటికి?”

“ఏవండీ, పెద్దాయన్ని అలా...” భార్య చెయ్యి పట్టుకుంది.

“నువ్వూరుకో. వయసు చూసి వదిలేస్తున్నా. ఇంకెప్పుడూ మా గడప తొక్కకండి!”

పెద్దాయన బండి దిగాడు. తాగిన గ్లాసు కుళాయి కింద కడిగి, గట్టు మీద బోర్లించి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ఒక అమ్మాయి వచ్చింది. కోళ్ల ఫారాలకు దాణా చేరవేస్తుందట. వాళ్ల నాన్న చేసిన పనేనట.

ఆమె బండి చుట్టూ తిరగలేదు. బానెట్ ఎత్తమనలేదు.

“తాళం ఇవ్వండన్నా, ఓసారి నడిపి చూస్తా.”

“కింద చూడవా అమ్మా? కొత్త రేకులు వేశాను.”

“తెలుసన్నా. ఎక్కడెక్కడ వేశారో కూడా తెలుసు. ఆ పెద్దాయన చెప్పారు. ఎన్ని బండ్లు చూశారో నా కోసం! దీన్ని మాత్రం కళ్లు మూసుకుని తీసుకోమన్నారు.”

మొక్కల వ్యాపారి తాళం తీసి ఆమె చేతికిచ్చాడు. భార్య వైపు చూడలేకపోయాడు.

“నోటికొచ్చినట్టు అన్నానమ్మా ఆయన్ని. ఓసారి తీసుకురా. టీ తాగి వెళ్దురుగాని.”

“ఇక రారన్నా. నాకు బండి దొరికేదాకా ఉంటానన్నారు. నిన్ననే బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్లిపోయారు.”

“మీ నాన్నగారి స్నేహితుడా అమ్మా?” అడిగింది భార్య.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“మా నాన్న బ్రేకు తొక్కబోతే కాళ్ల కింది రేకు ఊడిపోయింది వదినా. ఎదురుగా లారీ. ఆ రోజే పోయాడు,” అంది. “ఆ బండి మా నాన్నకి అమ్మింది ఈ పెద్దాయనే.”