సగం కుట్టిన బొంత

"ఇది పప్పా, పిడుగురాళ్ల కంకరా?"

ఖదీజమ్మ అలా అనేసరికి ప్రత్యూషకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"నాలుగు విజిల్స్ రానిచ్చాను పెద్దమ్మా!"

"నలభై వచ్చినా అంతే. పులుపుతో కలిపి పెడితే కందిపప్పు యాడ ఉడుకుద్ది? గోంగూర వేరే మగ్గబెట్టు. పప్పు మెత్తబడినాక కలుపు."

మర్నాడు అలాగే చేసింది. పప్పు వెన్నలా కుదిరింది. రాత్రి భోజనంలో భర్త కృష్ణచైతన్య రెండోసారి వడ్డించుకున్నాడు.

"ఎవరు నేర్పారు?"

"మా పెద్దమ్మ!" అని గొప్పగా చెప్పుకుంది ప్రత్యూష.

పెళ్ళయి మూడు నెలలు. నరసరావుపేటలో ఆ ఇంటి వంటగదికి కొత్త రాణి. ఆడపడుచు ఝాన్సీలక్ష్మికి పిడుగురాళ్లలో రెండో కాన్పు దగ్గరపడిందని అత్తమామలు అక్కడికి వెళ్ళారు.

పుట్టబోయే బిడ్డకు పాత నేత చీరలతో బొంత కుట్టించి, తన చేత్తో ఇవ్వాలని ప్రత్యూష ముచ్చట. బజారులో దర్జీని అడిగితే బొంతలు కుట్టే ఖదీజమ్మ పేరు చెప్పాడు.

మొదటిరోజు ఆమె గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది.

"హనుమయ్య గారి ఇల్లు కదూ?"

"అవును. నేను వాళ్ళ కోడల్ని."

"అబ్బాయి ఎన్నింటికొస్తాడు?"

"బ్యాంకు నుంచి వచ్చేసరికి ఏడవుతుంది."

"అప్పటికి నేను ఇల్లు చేరాల," అంటూ వరండాలో కూర్చుంది.

చీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. ప్రత్యూష ఎదురుగా కూర్చుని ఇంకో సూది అందుకునేది.

"ముడి పైకి కనపడగూడదు అమ్మాయ్. పొరల మధ్యకు లాగు. లేకపోతే బిడ్డ వీపుకి ఒరుసుకుంటది."

"పసిపిల్లల సంగతి ఎంత బాగా తెలుసో మీకు! మీకెంతమంది పెద్దమ్మా?"

సూది ఆగలేదు.

"లేరమ్మా."

ప్రత్యూష ఆ మాటను అంతగా పట్టించుకోలేదు. సాయంత్రం ఫోనులో అత్తగారికి కబుర్లు చెబుతూ బొంత కుట్టే పెద్దమ్మ నేర్పిన పప్పు సంగతి, ముడి సంగతి చెప్పి, వాటితోపాటే అదీ చెప్పేసింది.

అత్తగారు మధ్యలోనే ఆపింది.

"పిల్లల్లేనామె చేత పసిబిడ్డకు బొంత కుట్టిస్తున్నావా?"

"ఈ రోజుల్లో కూడా అవేంటి అత్తయ్యా..."

"నువ్వు చదువుకున్నదానివి, నాకేం తెలవదు. రేపు బిడ్డకు ఏమన్నా అయితే పూచీ ఎవరు? నువ్వా?"

ఆ ఒక్క మాటకు ప్రత్యూష సరేనని ఫోను పెట్టేసింది.

మర్నాడు ఖదీజమ్మ ఇంకా చెప్పులైనా విడవలేదు.

"మిగతాది నేనే కుట్టుకుంటాలే పెద్దమ్మా. మీకెందుకు శ్రమ?"

"ఇంకా సగముంది. చూస్తే కాన్పుకి వారమే గదా?"

"పర్లేదు. అత్తయ్య ఫోన్ చేశారు..."

ప్రత్యూష తల వంచుకుంది. అంతకంటే చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఆమెను ఏమనమాక," అంది ఖదీజమ్మ మెల్లగా. "కాన్పంటే చానా భయం చూసిన మనిషి."

ఈమెకెలా తెలుసని అడగాలని కూడా తోచలేదు ప్రత్యూషకు. తొందరగా వెళ్ళిపోతే చాలనిపించింది.

"సూది బొంతలోనే ఉంది, చూసుకో," అని చెప్పి ఆమె మెట్లు దిగింది.

ఝాన్సీలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఎవరో కొట్లో కొన్న దుప్పటి ఇచ్చారు. బొంత మాట అత్తగారు మళ్ళీ ఎత్తలేదు.

బొంత మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. సగం దాకా బియ్యపు గింజలు పేర్చినట్టు ఖదీజమ్మ కుట్లు. ఆ తర్వాత కోడి కెలికినట్టు ప్రత్యూషవి. వాటిని పక్కపక్కన చూసినప్పుడల్లా ఆమెకు అన్నం సయించేది కాదు.

ఓ ఆదివారం పొద్దున్నే గోంగూర పప్పు చేసి, డబ్బాలో పెట్టుకుని బయలుదేరింది. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. 'తప్పయింది పెద్దమ్మా, రండి' అంటే చాలు. వస్తుంది. ఆమె అలాంటిది.

దర్జీ చెప్పిన ఇంటి ముందు ఓ మెకానిక్ బండి విప్పుకుని కూర్చున్నాడు. పేరు ఐజాజ్.

"ఖదీజమ్మ గారు ఉన్నారా?"

అతను చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"మా మేనత్త పోయి తొమ్మిది రోజులైంది అక్కా. గుండెనొప్పి."

డబ్బా ఇంకా వేడిగానే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు ప్రత్యూషకు.

"మీరెవరక్కా?"

"హనుమయ్య గారి కోడల్ని."

"ఓ, మీరేనా! మీ ఇంటికి మొదటిసారి పోయొచ్చిన రోజున ఎంత సంబరపడిందో. బొంత బాగా కుదిరిందంటగా?"

"కుదరలేదు." అంది ప్రత్యూష. "నేనే సగంలో వద్దన్నాను. పిల్లల్లేని చెయ్యి అని..."



"మాకు పూర్తయిందనే చెప్పిందే."

"మా ఇల్లు ఆమెకు ముందే తెలుసా?"

"కాన్పుల వార్డులో ఆయాగా చేసేది అక్కా. మీ ఆయన పుట్టినప్పుడు ఒళ్ళంతా నీలమంట, ఏడుపే లేదంట. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చేలోపల నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది మా మేనత్తే."