జైపాల్‌కు కొత్త జాగ

"అట్ల కాదు బిడ్డా, 'నీ వల్లనే ఊరు లేచిపోతంది' అని రాయకు. కొట్టెయ్యి."

సుమ ఆ వాక్యం కొట్టేసింది. యోసేపు తాత ఒక్కో మాటా నమిలి నమిలి చెబుతున్నాడు, మనుమరాలు ఆగి ఆగి రాస్తోంది. సామానంతా మూటలయింది. భూపాలపల్లి పక్కనున్న ఆ వాడలో ఇంకా ఖాళీ కానిది వీళ్ల ఇల్లొక్కటే.

"అందరు అనేదే గదా తాతా."

"ఊరు లక్ష అంటది. నువ్వు రాయి. మన వాడల మైనింగ్ చదివిన మొదటోనివి నువ్వే జైపాలూ. సర్కారు ఖనిజాల ఆఫీసర్‌వైనవ్. మానుకోట గుట్టల్ల ఇనుపరాయి, జనగామ దిక్కు నల్లరాయి, ఏది దొరికినా నాలుకకు తాకిచ్చి చెప్పేటోనివి."

సుమ కొంచెం నవ్వింది. క్యాంపులు తిరిగే నాయిన ముఖం కంటే ఆయన సంచిలోని రాళ్లే ఆమెకు బాగా గుర్తు.

తాత గొంతు తగ్గింది. "మన చెల్క భూమి కింద బొగ్గున్నదని చెప్పింది గూడ నువ్వే. ఊరోళ్లు దాచమన్నరు, నువ్వు దాచలే. 'బాపూ, ఉన్నదాన్ని లేదని ఎట్ల రాయాలె' అన్నవ్. నాకు కోపం లేదు బిడ్డా. రాసినవా?"

"రాసిన."

"చిట్యాల కాడ కాలనీల ఇల్లిచ్చిండ్రు. నీకు గూడ జాగ అడిగిన, మా ఇంటికి దగ్గర్నే. ఒప్పుకున్నరు. మాతోని రా."

చివరి మూట కడుతున్న నాయనమ్మ మణెమ్మ తల ఎత్తలేదు. "వాడస్తడా? పానమంత ఆ బొగ్గు మీదనే పెట్టిండు."

"వాడు రాకుంటే నేను గూడ రాను."

"నువ్వీడ కూసుంటే మిషిన్లు ఆగుతయా? ముసలోనివైనా మొండి పోలే."

"వానికి ఆ మొండి ఎవలదొచ్చింది మరి? నాదే."

మణెమ్మ మూట ముడి బిగించి అంది, "ఎట్లైనా తీస్కపోతం గదా, గీ రాతెందుకు?"

"చెప్పకుంట మనిషి జాగ మార్చొద్దే. నారాజైతడు."

సుమ రాసిందంతా చదివింది. తాత కళ్లు మూసుకుని విన్నాడు. చివర్లో ఒక మాట కలపమన్నాడు: అవ్వ రోజూ యాది చేస్తది. మణెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వే చదివి ఇనిపియ్యి బిడ్డా. నేనైతే సగంల ఆగిపోత. నీ గొంతు ఇంటే వానికి నిమ్మలమైతది."

"ఎప్పుడు చదవాలె తాతా?"

"రేపు పొద్దుగాల్నే. వాని సమాధి తవ్వి బొక్కలు తియ్యకముందే."