మొదటి అధ్యాయం ఉచితం

చిన్నతల్లికి మొగుడి మీదున్న ఫిర్యాదు ఒక్కటే: పీనాసి. తాగడు, తిరగడు, చెయ్యెత్తడు. అంచేత ఎవరితో చెప్పుకున్నా జాలిపడరు.

"తరవాతేటయింది మావా? స్టేషన్ మాస్టర్ని ఎవులు సంపీసినారు?"

"శాంపిలైపోనాది," అన్నాడు త్రినాథరావు, పలకలాంటి ఈ-రీడర్ని ఆమె వైపు తిప్పి చూపిస్తూ. తెర మీద 'మిగతా కథ కోసం పుస్తకం కొనండి' అని ఉంది.

పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మిషను చిన్నతల్లి రక్తం కడగడానికి నాలుగు గంటలు తీసుకుంటుంది. వారానికి రెండుసార్లు, ఆ నాలుగు గంటలూ ఆయన పక్కనే స్టూలు మీద కూచుని కథలు చదివి వినిపిస్తాడు. ఈ-పుస్తకాల కంపెనీ ఏ పుస్తకానికైనా మొదటి అధ్యాయం ఊరికే ఇస్తుంది. చిన్నతల్లికి తెలిసిన కథలన్నీ అక్కడిదాకానే.

"అదేటి బాబూ, సంపినోడెవుడో సెప్పకపోతే నాకు నిద్దర పట్టొద్దా?" అంది పక్క మంచం మీది దాలమ్మ. భావనపాడులో చేపలమ్మిన గొంతు, వార్డంతా వినబడింది. "ఒక్క పుస్తకం కొంటే జీడితోట అమ్మీవాలేటి?"

"దండగ," అన్నాడు త్రినాథరావు.

పెళ్ళానికి ఏది కొన్నా అంతే. షాంపూ పొట్లాల్లో, కొబ్బరినూనె అరచేతిలో ఇమిడే సీసాలో. చెప్పు తెగిందంటే, "ఇది సాల్దేటి?" అని కుట్టించి తెస్తాడు. ఆమె ఫోనుకి నెల రీఛార్జి, తన ఫోనుకి ఏడాదిది. ఆ పలకకైతే మూడేళ్ళ వారంటీ, పైన డబ్బు కట్టి మరీ తీసుకున్నాడు.

"పెళ్ళాం కన్నా పలకెక్కువేటి?" అని దెప్పితే, నవ్వి ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దాడు.

వానలు పడేసరికి దాలమ్మ మంచం ఖాళీ అయింది. చిన్నతల్లికి పంతం పట్టుకుంది.

"పాపం, ఎవులు సంపినారో తెలకండానే పోనాది. నాకైనా తెలియాల. కొను మావా."

త్రినాథరావు ఆ ఖాళీ మంచంకేసి కాసేపు చూశాడు. తర్వాత ఇంకో శాంపిల్ తెరిచాడు.

ఏళ్ళు గడిచాయి. పక్క మంచం మీద మనుషులు మారుతూ వచ్చారు. చిన్నతల్లి మాత్రం అదే మంచం, అవే చెప్పులు. ఓరోజు ఆయన చదువుతూండగానే తెర నల్లబడింది. అక్కడికక్కడే కంపెనీకి ఫోను చేశాడు. వారంటీ పోయిన వారమే అయిపోయిందన్నారు.

చేతికి గొట్టాలున్నా చిన్నతల్లి నవ్వాపుకోలేకపోయింది.

"బాగయింది! ఆనాడే ఆ ఒక్క పుస్తకం కొనుంటే ఈపాటికి సంపినోడు దొరికీవోడు. ఇప్పటికైనా ఒప్పుకో మావా, తప్పెవులిది?"

త్రినాథరావు చచ్చిన పలకని చూశాడు. మంచం కింద, కుట్లు పడ్డ చెప్పుల్ని చూశాడు. చివరికి ఆమె మొహంలోకి చూసి నిట్టూర్చాడు.

"తప్పు నాదేనే, నువ్విన్నాళ్ళుంటావనుకోనేదు."